గంప దిగిన కోడి

మనుష్యునకు కూడు, గుడ్డ, గూడు అను మూడును కావలెనని పెద్దలందురు. కోడికి గుడ్డ అక్కరలేదు. ఈకలే దానికి వస్త్రములు. కూటిని చాలవరకు అది తన కాళ్లతో నేలను గీరి తానే సంపాదించుకొనును. ఇక మిగిలినది గూడు. ఆ గూటిని మనుష్యుడు కట్టి యీయవలెను. కట్టి యిచ్చినంత మాత్రమున పని ముగియదు. ఇది నీ ఇల్లు అని దానికి నేర్పవలెను. క్రొత్తగా కొని తెచ్చిన కోళ్లు పక్షము దినములైనను నిండక మునుపే దారి తప్పిపోవుటకో, పిల్లి నోట పడుటకో, తెగులు తగిలి చచ్చుటకో కారణమును వెదకినచో, తరచుగా అది తెచ్చినవారి తొందరపాటే అయి యుండును.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలోను, వాని చుట్టుపట్ల పల్లెలలోను పెరటికోళ్లు క్రొత్త కాదు. 2016 అక్టోబరులో నల్లగొండ నుండి సూర్యాపేట జిల్లా వేరుపడగా కోదాడ అందు చేరినది; మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచినది. అధికారుల హద్దులు మారినను వాకిట తిరుగు కోడి మారలేదు. అయితే ఆ కోడి వచ్చు త్రోవ మారినది. పూర్వము పెట్ట ఆ యింటనే పొదిగెడిది; పిల్లలు తల్లి వెంట ఆ వాకిటనే తిరిగి, ఆ గంప క్రిందనే పండుకొని పెరిగెడివి. ఇల్లు ఏదో, గద్ద ఏదో, ఎవరి అడుగుల చప్పుడు మేతకు గురుతో తల్లియే నేర్పెడిది. నేడు అంగడిలోనో, హేచరీ వద్దనో కొని తెచ్చిన పక్షికి తల్లి పాఠము లేదు. కొన్నవాడే దానికి తల్లియు, గురువును కావలసియున్నది.

ఇట్లు కొని తేబడు జాతులలో మంచి పేరు గన్నవి మన రాజధాని పొలిమేరలలోనే పుట్టినవి. హైదరాబాదు నందలి రాజేంద్రనగరులో 1988లో ఏర్పడిన కోళ్ల పరిశోధన సంస్థ ‘వనరాజా’, ‘గ్రామప్రియ’ అను రెండు రకములను పెరటి పెంపకము కొరకే రూపొందించినది. ‘రాజశ్రీ’ అను మరియొక రకము రాజేంద్రనగరు నందే పశువైద్య విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుల కృషిఫలము. మన నాటుపెట్ట ఏడాదికి సుమారు అరువది గ్రుడ్లు పెట్టునెడ, వనరాజా నూరు దాటును. గ్రామప్రియ పెరటిలోనే నూటయేబదికి పైగా పెట్టగలదు. కాని లాభముతో పాటు ఒక లోటును కలదు. వనరాజా బరువైన పక్షి. నాటుకోడి వలె చటుక్కున ఎగిరి కుక్క నుండి, ముంగిస నుండి తప్పించుకొనజాలదు. కనుక దానికి గూడును, కంచెయు నాటుకోడి కంటె ఎక్కువ అవసరము.

కోడికి, మన సీమకు గల బంధము వడ్లగింజ ద్వారా ఏర్పడినది. 2022లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశోధన, కోడి మనుష్యునకు మచ్చికైనది వరి సాగు వ్యాపించిన ఆగ్నేయాసియాలో, సుమారు 3500 ఏండ్ల క్రిందటనని తేల్చినది. పొలములలో రాలిన గింజలు ఎర్ర అడవికోడిని చెట్ల మీది నుండి దింపి, మనుష్యుని కళ్లము చెంతకు చేర్చినవని ఆ పరిశోధకుల అభిప్రాయము. మన సీమలో 1967 ఆగస్టులో నాగార్జునసాగరు ఎడమ కాలువకు నీరు వదలబడినది. ఆ నీటి వెంట వరియు, వరి వెంట మిర్యాలగూడ బియ్యపు మిల్లులును వర్ధిల్లినవి. ఆ మిల్లులలో నూకలు, తవుడు, ఊక దొరకును. నూకలును తవుడును కోడికి మేత. ఊక దాని గూటికి పరుపు. ఇంతకంటె అనువైన సీమ మరియొకటి అరుదు.

ఈ పూర్వకథ ఊరక చెప్పినది కాదు. కోడి నేటికిని అడవికోడి స్వభావమును విడువలేదు. చీకటి పడగానే ఎత్తునకు ఎక్కవలెనని కోరును. మొలక వెదురు పొదలలో వలె మరుగైన చోట గ్రుడ్డు పెట్టగోరును. పొడిమట్టిలో పొర్లాడి పురుగు వదల్చుకొనగోరును. గూడు కట్టువాడు ఈ మూడు కోరికలను మనసున నుంచుకొనవలెను.

గూడు ముందు, కోడి తరువాత

కోడిని కొనుటకు ముందే గూడు సిద్ధముగ నుండవలెను. కోళ్లను తెచ్చి గంప క్రింద మూసి, అటు పిమ్మట వడ్రంగికి కబురంపుట మంచి పద్ధతి కాదు. కోడి ఒక్కింటికి గూటిలో 4 చదరపు అడుగులు, బయటి కంచె ఆవరణములో 10 చదరపు అడుగులు లెక్కించుకొనుట మేలు. ఆరు పెట్టలకు 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల గూడును, 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గల ఆవరణమును సరిపోవును. ఇంతకు తగ్గినచో కోళ్లు ఒకదానినొకటి పొడుచుకొనుట ప్రారంభించును.

గూటిలో కూర్చుండుటకు అడ్డకఱ్ఱ నొకదానిని బిగింపవలెను. అంచులు నున్నగా చెక్కి, రెండంగుళముల మందమున నుంచినచో కాలివ్రేళ్లు పట్టుకొనుటకు వీలగును. కోడికి 8 నుండి 10 అంగుళముల చోటు చాలును. గ్రుడ్లు పెట్టుటకు నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున, అడుగు పొడవు, అడుగు వెడల్పు గల పెట్టెను మరుగున నుంచవలెను. ఇక్కడ ఒక చిన్న సూత్రము కలదు. అడ్డకఱ్ఱ గ్రుడ్లపెట్టె కంటె ఎత్తున ఉండవలెను. పెట్టె ఎత్తుగా ఉన్నచో కోళ్లు రాత్రి అందే పండుకొని, దానిని రెట్టలతో నింపివేయును. ఉదయము పెట్టిన గ్రుడ్లు మలినమగును.

కోళ్లవల అని అంగళ్లలో అమ్మెడి పలుచని తీగెవల కోడిని లోపల ఆపగలదు గాని, శత్రువును వెలుపల ఆపజాలదు. కుక్క దానిని చించును. ముంగిస కన్నములో దూరును. గూటి కిటికీలకు అరంగుళము కన్నముల దళసరి ఇనుప వల వేయవలెను. కంచె అడుగున అదే వలను నేలలోనికి ఒక అడుగు లోతున పాతినచో త్రవ్వి వచ్చు జంతువు ఆగిపోవును. ఆవరణమునకు పైన కూడ వల కప్పవలెను. మన ఆకాశమున గద్దలకు కొదువ లేదు. మేతను రాత్రివేళ గూటిలో వదలరాదు. మేతకు ఎలుకలు వచ్చును, ఎలుకలకై పాములు వచ్చును.

నేలపై మూడు నాలుగు అంగుళముల మందమున పొడి ఊక పరచవలెను. ఊక తడిసినచో వెంటనే తీసివేయవలెను. తడి ఊకలో బూజు పుట్టి కోళ్ల ఊపిరితిత్తులకు చేటు తెచ్చును. బూజు విషయమున మేత పట్లను జాగ్రత్త వలయును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్లు హఠాత్తుగా మరణించినవి. కారణము వెదకగా, వానికి మేపిన వేరుసెనగ చెక్కలో బూజు పుట్టించిన విషమని తేలినది. నాడు ‘అఫ్లాటాక్సిన్’ అను ఆ విషమునకు పేరు పెట్టిరి. మనము తినని బూజు పట్టిన గింజలు కోడికి పనికివచ్చునని తలచువారు ఈ సంగతి మరువరాదు.

ప్రయాణము

కోడికి చెమట గ్రంథులు లేవు. వేడిని అది నోరు తెరచి రొప్పుచు, రెక్కలు దూరముగ నుంచి మాత్రమే వెళ్లగ్రక్కగలదు. మన మూడు పట్టణములలోను వేసవి ఎండ ఎంతటిదో చెప్పనక్కరలేదు. హైదరాబాదు నుండి సూర్యాపేటకు సుమారు 135 కిలోమీటర్లు. కోదాడ ఇంకను దూరము. అంత దూరము మిట్టమధ్యాహ్నము మూసిన పెట్టెలో తెచ్చిన కోడి గమ్యము చేరులోగానే సగము చచ్చును. తెల్లవారుజామున గాని, ప్రొద్దు వాలిన తరువాత గాని, గాలి ఆడు వెదురు గంపలలోనో, కన్నములు గల అట్టపెట్టెలలోనో తేవలెను. కాళ్లు కట్టి, తలక్రిందులుగ సైకిలుకు వ్రేలాడదీసి తెచ్చుట మన అంగళ్లలో చూచుచున్నాము. అది హింస మాత్రమే కాదు, నష్టము కూడ. అట్లు తెచ్చిన కోడి చాల దినములు తేరుకొనజాలదు.

ఇల్లు చేరిన వెంటనే మేత కాదు, నీరు కావలెను. చల్లని మంచినీటిలో కొద్దిగ బెల్లము కలిపి త్రాగింపుట వాడుకలో నున్న మంచి ఉపాయము. క్రొత్తచోట నీటిపాత్రను గురుతు పట్టని కోడి ముక్కును ఒకసారి నీటిలో ముంచిన చాలును. తక్కినది అదియే నేర్చుకొనును. గంట గడచిన తరువాత మేత పెట్టవలెను. అమ్మినవాడు ఏ మేత పెట్టెడివాడో అడిగి తెలిసికొని, అదియే వారము దినములు పెట్టుచు, క్రమముగ మన మేతను కలుపవలెను. ఊరును, గూడును, తోడును ఒక్కనాడే మారిన ప్రాణికి కడుపు కూడ అదే దినమున మారవలెననుట అన్యాయము.

మొదటి వారము

ఇచ్చటనే పలువురు తొందరపడుదురు. ‘పాపము, మూసి యుంచుట ఎందులకు?’ అని మరునాడే తలుపు తీయుదురు. కోడి బయటకు పోవును. సాయంకాలమునకు దానికి ఇల్లు తెలియదు. చీకటిలో కోడికి చూపు సరిగ ఆనదు. వెలుతురులో రంగులను మనకంటె బాగుగ కనిపెట్టు ఆ కన్ను మసక వెలుతురులో మందగించును. కనుక ప్రొద్దు క్రుంకు వేళకు తాను ఎచ్చట నున్నదో అచ్చటనే ఏ కొమ్మ మీదనో, ఏ గోడ మీదనో చతికిలబడును. అర్ధరాత్రి పిల్లికి అది సిద్ధాన్నము.

కావున సాయంసంధ్య వేళ కోళ్లను తెచ్చి, తిన్నగ గూటి లోపలి అడ్డకఱ్ఱ మీద కూర్చుండబెట్టి తలుపు వేయుట ఉత్తమము. చీకటిలో అవి కదలవు. తెల్లవారి కన్ను తెరచునప్పటికి ఆ గూడే వానికి లోకమగును. మూడు దినములు మొదలు వారము దినముల వరకు గూటిలోను, గూటికి అంటియున్న కప్పు గల ఆవరణములోను మాత్రమే ఉంచవలెను. ఆవరణములో ఒక మూల నీడన నీరు, మరియొక మూల బూడిద కలిపిన పొడిమట్టి, ఒక చిప్పలో ఆల్చిప్పల పొడి ఉంచవలెను. ఆల్చిప్పల పొడి లేనిచో గ్రుడ్డు పెంకు పలుచబడును.

ప్రతి సాయంకాలము ఒకే వేళ, ఒకే పిలుపుతో, గింజల డబ్బాను చప్పుడు చేయుచు గూటిలో గుప్పెడు గింజలు చల్లవలెను. ఆ చప్పుడు వానికి బడిగంట వంటిది. వారము గడచిన తరువాత తోటలోనికి వదలదలచినవారు మొదట ప్రొద్దు క్రుంకుటకు ఒక గంట ముందు మాత్రమే వదలవలెను. దూరము పోవుటకు వ్యవధి యుండదు, ఆకలి యుండును, గింజల చప్పుడు వినబడును. అవి తమంతట తామే గూటిలోనికి నడచును. తరువాత దినదినము అరగంట చొప్పున ఆ స్వేచ్ఛను పెంచవచ్చును.

ఫారములలో ఇనుప పంజరముల నడుమ గ్రుడ్లు పెట్టి, ఈడు మీరిన పిదప చౌకగ అమ్ముడగు తెల్లకోళ్లను కొందరు కొని తెత్తురు. వీని పట్ల మరింత ఓర్పు వలయును. వానికి అడ్డకఱ్ఱ తెలియదు, మట్టి తెలియదు, గాలి వాన తెలియవు. రాత్రి గూటి మూలన ఒకదానిపై నొకటి పడియుండును. నాలుగైదు రాత్రులు ఒక్కొక్క దానిని ఎత్తి కఱ్ఱ మీద కూర్చుండబెట్టినచో క్రమముగ నేర్చుకొనును. జన్మమున ఎన్నడును మట్టిని ఎరుగని కోడి మొదటిసారి ధూళిలో పొర్లాడుట చూడదగిన దృశ్యము.

పాతవారు, క్రొత్తవారు

ఇంట ఇదివరకే కోళ్లున్నచో పని ఇనుమడించును. మొదటి భయము తెగులు. మనవారు కొక్కెర తెగులని పిలుచు వ్యాధిని వైద్యులు రాణిఖేత్ వ్యాధి యందురు. హిమాలయ ప్రాంతమందలి రాణిఖేత్ పట్టణము వద్ద 1927 ప్రాంతమున మన దేశములో అది గుర్తింపబడుటచే ఆ పేరు వచ్చినది. ఇంగ్లండులో న్యూకాజిల్ పట్టణమున బయటపడుటచే తక్కిన లోకము దానిని న్యూకాజిల్ వ్యాధి యనును. కోడి నోరు తెరచి ఊపిరి పీల్చును, పచ్చగ పారును, మెడ మెలివడును. రెండు మూడు దినములలో మంద ఊడ్చుకొనిపోవును. దీనికి మందు లేదు, టీకా మాత్రమే కలదు. పిల్లకు మొదటి వారములో కంటిలోనో ముక్కులోనో వేయు చుక్క, ఎనిమిదవ వారము ప్రాంతమున చర్మము క్రింద వేయు సూదిమందు అమ్మినవారు వేయించిరో లేదో అడుగుట కొనువాని మొదటి ప్రశ్న కావలెను. వేయింపనిచో సమీపపు పశువైద్యశాలలో విచారించి, కోడి ప్రయాణపు అలసట తీరిన పిదప వేయింపవలెను.

తెగులునకు హద్దులు లేవని మన సీమవారు కన్నులార చూచియున్నారు. 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల కోళ్లకు పక్షిజ్వరము సోకినదని నిర్ధారణ కాగా, ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చు కోళ్లబండ్లను తెలంగాణ అధికారులు సరిహద్దునందే నిలిపివేసి వెనుకకు పంపిరి. అట్లు నిలిపిన తావులలో కోదాడ సమీపపు రామాపురము అడ్డరోడ్డు ఒకటి. ప్రభుత్వము రాష్ట్రపు పొలిమేరలో చేసిన పనినే గృహస్థుడు తన పెరటిలో చేయవలెను. క్రొత్తకోళ్లను పాతవానికి దూరముగ, వేరు గూటిలో, వేరు నీటిపాత్రతో రెండు మూడు వారములు ఉంచవలెను. ప్రతి ఉదయము మొదట పాతవానికి, పిదప క్రొత్తవానికి మేత వేయవలెను. చేతులు, కాళ్లు కడుగుకొనిన పిదపనే మరల పాతవాని చెంతకు పోవలెను. దీనికి ఖర్చు లేదు, ఓర్పే కావలెను.

రెండవ భయము పోరు. నార్వే దేశమున థోర్లీఫ్ షెల్డెరప్-ఎబ్బె అను నతడు బాల్యముననే ఇంటి కోళ్లను గమనించుచు, ఏ కోడి దేనిని పొడిచెనో పుస్తకమున వ్రాసికొనెడివాడు. ఆ పరిశీలన పెరిగి పెద్దదై 1922లో శాస్త్రలోకమునకు అందినది. మందలో ప్రతి కోడికిని ఒక వరుస కలదనియు, మొదటిది అన్నింటిని పొడుచుననియు, రెండవది మొదటిదానిని తప్ప తక్కినవానిని పొడుచుననియు, చివరిది అందరిచే పొడుపులు తినుననియు అతడు తెలిపెను. వరుస నిలిచిన మందలో పోరు అరుదు. మేత వద్ద తల ఎత్తిన చాలును, తక్కువది తొలగిపోవును. క్రొత్తకోడి వచ్చినప్పుడు ఆ వరుస అంతయు చెదరి, మరల మొదటి నుండి తేలవలసియుండును.

కనుక ఒంటరిగ ఒక్క క్రొత్తకోడిని పాతమందలో వదలుట క్రౌర్యము. రెండో మూడో కలిపి తేవలెను. అప్పుడు పొడుపులు పంచుకొనబడును. దూరముగ నుంచిన వారములు ముగిసిన పిదప, మరియొక వారము నడుమ తీగెవల మాత్రము అడ్డముగ నుంచి, ఒకదానినొకటి చూచుకొననీయవలెను. అటు పిమ్మట మేతపాత్రలు, నీటిపాత్రలు రెండేసి చోట్ల పెట్టి, దాగుటకు గంపలు, కొమ్మలు అడ్డముంచి, ఒక సాయంకాలము విశాలమైన ఆవరణములో అన్నింటిని కలుపవలెను. కొన్ని దినములు చిన్న చిన్న పొడుపులు సహజము. వాని మధ్య మనము తీర్పరులము కానక్కరలేదు. కాని రక్తము కనబడినచో ఆ కోడిని వెంటనే వేరు చేసి గాయమునకు పసుపు అద్దవలెను. ఎర్రని రంగును చూచిన తక్కిన కోళ్లు అచ్చటనే పొడుచుచు చంపివేయగలవు.

పుంజుల మాట వేరు. మిర్యాలగూడకు దక్షిణమున కృష్ణకు ఆవలి గట్టున ఉన్న పల్నాటి సీమలో కోడిపోరు మహాయుద్ధమునకు నాందియైన కథను విద్యార్థులు ఎరుగుదురు. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలును. గ్రుడ్లు మాత్రమే కావలెననువారికి పుంజు అక్కరయే లేదు. పుంజు లేకున్నను పెట్ట గ్రుడ్లు పెట్టును, అవి పొదుగుటకు మాత్రము పనికిరావు.

గ్రుడ్డు ఎప్పుడు?

కోడిని కొన్న మరునాడే గ్రుడ్డు కొరకు పెట్టెలో చేయి పెట్టుట మానవ సహజము. కాని గ్రుడ్డు తయారగుటకు పెట్ట దేహములో ఒక దినమునకు మించిన కాలము పట్టును. భయపడిన దేహము ఆ పనిని మొట్టమొదట మానుకొనును. అమ్మినవాని యొద్ద ప్రతిదినము పెట్టిన పెట్ట మన యింట రెండు మూడు వారములు పెట్టకపోవచ్చును. ‘మోసపోతిమి’ అని దానిని కూరకు అప్పగించుట తగదు. పొద్దు తగ్గిన చలికాలమునను గ్రుడ్లు తగ్గును. పెట్టకు దినమునకు పదునాలుగు గంటల వెలుతురైనను వలయును.

పాఠశాల తోటలో నాలుగు పెట్టలను ఉంచగలిగిన ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి పాఠ్యగ్రంథము లేదు. పిల్లలకు తలకొక పుస్తకమిచ్చి, ఏ కోడి ముందు మేతకు వచ్చెను, ఏది దేనిని తొలగించెను, ఎన్నవ దినమున అన్నియు పిలువకయే గూటికి చేరెను, మొదటి గ్రుడ్డు ఎప్పుడు పెట్టెను అని వ్రాయింపవచ్చును. నార్వే బాలుడు చేసిన పని అంతయే. గణితము, ప్రకృతిశాస్త్రము, భూతదయ ఒకే ఆవరణములో అభ్యసింపబడును. నడి సంవత్సరమున వేరు ఊరి నుండి వచ్చి, చివరి బల్లపై మౌనముగ కూర్చున్న క్రొత్త విద్యార్థి విషయమున ఏమి చేయవలెనో కూడ ఆ పిల్లలకు వేరుగ చెప్పనక్కరలేదేమో!

గూడు అలవడెనా లేదా అని తెలిసికొనుటకు గ్రుడ్లు గురుతు కావు, బరువు గురుతు కాదు. తలుపు తెరచియుండగా, ఎవరును తరుమకయే, ప్రొద్దు క్రుంకు వేళ కోళ్లు ఒకదాని వెనుక నొకటి గూటిలోనికి నడచి కఱ్ఱ ఎక్కినచో అవి మన యింటివైనవని తెలియవలెను. అంతవరకు అవి అంగడి కోళ్లే.